భీమవరం నుంచి సింగపూర్‌కు మూడు సరుకులు: నేల మీద గంటల లెక్క

భీమవరం దగ్గర ప్రాసెసింగ్ ప్లాంటు నడిపే ఒక ఎగుమతిదారు నన్ను అడిగింది వినడానికి తేలికైన పనే. సింగపూర్‌లో రెస్టారెంట్లకు చేపలు, రొయ్యలు సరఫరా చేసే కొనుగోలుదారుకు ప్రతి వారం మూడు రకాల సరుకు పంపాలి: ప్రాణంతో ఉన్న మండపీతలు, ఐసులో చల్లబరిచిన తాజా పండుగప్ప, గడ్డకట్టించిన వనామీ రొయ్య. మూడూ ఒకే విమానంలో, ఒకే ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రవాణా పత్రం) మీద వెళితే ఖర్చు కలిసొస్తుందని ఆయన లెక్క. రొయ్యల్ని కంటెయినర్లలో నింపి ఓడ మీద పంపడంలో ఆయనకు ఏళ్ల అనుభవం ఉంది. విమానం మాత్రం కొత్త.

నన్ను పిలిచేసరికే మొదటి విడత సరుకు వేరే ఏజెంటు ద్వారా వెళ్లి దెబ్బతింది. పీతల్లో మూడో వంతు చచ్చి దిగాయి. పండుగప్ప పూర్తిగా చెడిపోలేదు గానీ కళ్లు లోపలికి పోయాయి, మొప్పల ఎరుపు గోధుమ రంగుకు తిరిగింది. కొనుగోలుదారు ధర తగ్గించి తీసుకున్నాడు. రొయ్య సంగతి ఇంకా స్పష్టం. ఒక్కో గింజ విడిగా రాలాల్సిన సరుకు సంచి ఆకారంలో ఒకే ముద్దగా అతుక్కుని ఉంది. దారిలో ఒకసారి పైపైన కరిగి మళ్లీ గట్టిపడితే తప్ప రొయ్య అలా ముద్దకట్టదు.

విమానం ఆలస్యమైందా అని అడిగాను. కాలేదు, సమయానికే బయలుదేరి సమయానికే దిగింది. అయినా ప్లాంటులో అందరి కోపమూ విమానయాన సంస్థ మీదే. ఇది ఎప్పుడూ చూసేదే. విమానంలో వెళ్లిన సరుకు చెడిపోతే తప్పు విమానంలోనే జరిగిందనుకుంటారు. నేను అడిగింది మాత్రం లారీ డ్రైవరు ఫోను నంబరు, టోల్ గేటు రసీదులు, టెర్మినల్‌లో సరుకు దించినప్పుడు ఇచ్చిన చీటీ, కస్టమ్స్ అనుమతి వచ్చిన సమయం. వీటిని వరుసగా పెట్టి చూస్తే కథ అంతా బయటపడింది.

చేపను చెరువు నుంచి తీసింది మొదలు సింగపూర్‌లో కొనుగోలుదారు చల్లని గదికి చేరేవరకు దాదాపు రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టింది. అందులో విమానం గాలిలో ఉన్నది నాలుగున్నర గంటలు. మిగతాదంతా నేల మీద గడిచిన కాలమే. ఆ కాలంలో కూడా లారీ నడుస్తున్న గంటల కంటే, ఎక్కడో ఒకచోట ఆగి ఎదురుచూసిన గంటలే చేటు చేశాయి.

అలాంటి ఆగుళ్లు మూడు కనిపించాయి. మొదటిది నరసాపురం రేవులో. పీతలు అంతర్వేది వైపు నుంచి వచ్చాయి. సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి పాయ వశిష్ఠను దాటిస్తే దూరం కలిసొస్తుందని వాహనాన్ని రేవుకు తెచ్చారు. మధ్యాహ్నం, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో, గాలి ఆడని వ్యానులో, పంటు అవతలి ఒడ్డు నుంచి తిరిగి వచ్చేవరకు పీతలు అక్కడే ఉన్నాయి. రెండోది ప్లాంటులో. పండుగప్పను సరిగా చల్లబరచకుండానే పెట్టెల్లో సర్దేశారు, చల్లదనం పని జెల్ ప్యాకులు (గడ్డకట్టించి వాడే చల్లని సంచులు) చూసుకుంటాయన్న ధీమాతో. మూడోది అన్నిటికంటే పెద్దది, విమానాశ్రయ కార్గో టెర్మినల్‌లో జరిగింది. రాత్రి విమానానికి సరుకు పొద్దున్నే చేరింది. ముందుగా చేరితే మంచిదే కదా అనుకున్నారు. కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం, షిప్పింగ్ బిల్లులో నికర బరువు ఒకటి, ఆరోగ్య ధ్రువపత్రంలో నికర బరువు మరొకటి. ఎవరో డ్రై ఐస్ బరువును కూడా రొయ్య బరువులో కలిపేశారు. అది సవరించి అనుమతి తెచ్చుకునేసరికి సాయంత్రమైంది. ఆ టెర్మినల్‌లో చల్లని గది ఉంది. కానీ పత్రాలు తేలని సరుకు దాని లోపలికి పోదు. సరుకు దించే అరుగు మీదే, రేకుల కప్పు కింద, పెట్టెలన్నీ పగలంతా ఉండిపోయాయి.

దీనికి తోడు మూడు రకాలనూ ఒకే చోట కట్టారు. డ్రై ఐస్ వేసిన రొయ్య పెట్టెల పక్కనే పీతల పెట్టెలు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78.5 డిగ్రీల దగ్గర అది నీరు కాకుండా నేరుగా వాయువుగా మారుతుంది. ఒక కిలో డ్రై ఐస్ సుమారు అర ఘనపు మీటరు వాయువునిస్తుంది. ఆ వాయువు గాలి కంటే బరువు, కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. ఊపిరి తీసుకునే ప్రాణిని దాని పక్కన పెట్టడమంటే ఒకవైపు నుంచి చలి, ఇంకోవైపు నుంచి ఊపిరాడనితనం. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, మన రంగంలో అందరూ ఐయాటా అనేది, ప్రాణంతో ఉన్న సరుకునూ డ్రై ఐస్‌నూ దూరంగా ఉంచాలని చెప్పేది ఇందుకే. పెట్టెల మీద సరైన గుర్తులు లేకపోతే టెర్మినల్ కార్మికుడికి ఏ పెట్టెలో ఏముందో తెలిసే దారి లేదు. అతన్ని తప్పుపట్టలేం.

డెల్టాకు తెలిసిన చలి ఒక్కటే

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఇది. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చాక గోదావరి డెల్టాలో చల్లదనానికి సంబంధించిన ఏర్పాట్లన్నీ గడ్డకట్టిన రొయ్య చుట్టూ పెరిగాయి. ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు, శీతల యంత్రమున్న రీఫర్ లారీలు, వాటిని నడిపే మనుషులు, అందరికీ తెలిసిన అంకె మైనస్ 18. ఆ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ సున్నా దగ్గర నిలబడాల్సిన చేపకు, 16 నుంచి 20 డిగ్రీల మధ్య హాయిగా ఉండే పీతకు ఇక్కడ అలవాటైన చోటు లేదు. చల్లగా ఉంటే చాలు, ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిది అన్న నమ్మకం ప్లాంటులో ప్రతి మనిషి చేతిలోనూ ఉంది. పండుగప్పను మైనస్ 18 లారీలో పెడితే అది తాజా చేప కాకుండా పోతుంది. పీతను 10 డిగ్రీల గదిలో పెడితే కాళ్లు వాల్చేసి, డెక్కలు రాల్చుకుని చచ్చిపోతుంది. కాబట్టి నేను మొదట చెప్పింది ఒకే మాట: మూడు సరుకులు, మూడు ఉష్ణోగ్రతలు, మూడు దారులు. ఒకే విమానం అన్న ఆలోచనను పక్కన పెట్టండి.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మూడు బిల్లులంటే మూడు ఖర్చులు కదండీ" అన్నారు. అప్పుడు కాగితం తీసుకుని బరువుల లెక్క వేసి చూపించాను.

విమాన కిరాయి అసలు బరువు మీద గానీ, పెట్టె కొలతల నుంచి లెక్కగట్టే బరువు మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే కొలతల బరువు కిలోల్లో వస్తుంది. పండుగప్ప పెట్టె 70, 40, 30 సెంటీమీటర్లు. అంటే 14 కిలోలు. కానీ అందులో 18 కిలోల చేప, 3 కిలోల జెల్ ప్యాకులు, ఒక కిలో పెట్టె బరువు కలిపి 22 కిలోలు. కిరాయి 22కి. కిలో చేపకు దాదాపు 1.2 కిలోల కిరాయి. పీతల పెట్టె 60, 40, 25. కొలతల బరువు 10 కిలోలు, అసలు బరువు 12 కిలోల పీతలు, గోనె, పెట్టె కలిపి పదమూడున్నర. కిలోకు 1.1 కిలోల పైచిలుకు. రొయ్య పెట్టె గోడలు దళసరిగా ఉండాలి కనుక 60, 40, 40. కొలతల బరువే 16 కిలోలు. లోపల రొయ్య 10 కిలోలు, డ్రై ఐస్ 6 కిలోలు, పెట్టె కిలోన్నర, మొత్తం 17.5. అంటే కిలో రొయ్యకు 1.75 కిలోల కిరాయి. అందులో డ్రై ఐస్ దారిలో చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అమ్ముడుపోయేదేమో మూడింటిలోకీ తక్కువ ధర పలికే సరుకు.

కాగితం మీద ఆ 1.75 చూశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గడ్డకట్టించడమంటే చెడిపోవడాన్ని నెలల తరబడి ఆపివేయడం. ఆపిన సరుకుకు తొందరేమిటి? ఓడ మీద సింగపూర్‌కు వారం పది రోజులు పట్టినా మైనస్ 18 నిలబడితే రొయ్యకు జరిగే నష్టం లేదు. నలభై అడుగుల రీఫర్ కంటెయినర్లో పాతిక టన్నుల వరకు పడుతుంది. గడ్డకట్టిన రొయ్యను విమానంలో పంపాల్సిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే: కొత్త కొనుగోలుదారుకు నమూనా చూపించడం. ఆయన ఎలాగూ ఆ వైపు కంటెయినర్లు పంపుతున్నారు. అందులో ఈ కొనుగోలుదారు వాటా కలిపి, సింగపూర్‌లో కోల్డ్ స్టోరేజీలో దించుకుని వారం వారం తీసుకునేలా మాట్లాడుకోమన్నాను. అయితే ఆ ఏర్పాటు కుదిరేలోగా ఒక విడత రొయ్య మాత్రం విమానంలోనే వెళ్లాల్సి వచ్చింది, ముద్దకట్టిన సరుకుకు బదులుగా.

పండుగప్ప

చేప చెడిపోయే వేగానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. డిగ్రీల అంకెను పదితో భాగించి, ఒకటి కలిపి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే సున్నా డిగ్రీలతో పోల్చిన వేగం తెలుస్తుంది. 5 డిగ్రీల దగ్గర అది రెండుంపావు రెట్లు. 10 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు. అంటే సున్నా దగ్గర ఒక రోజంతా పట్టే మార్పు 10 దగ్గర ఆరు గంటల్లో ముగుస్తుంది. ప్లాంటు సూపర్‌వైజరుకు ఇది చెప్పినప్పుడు ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ తరువాత నేను ఎవరికీ కోప్పడాల్సిన అవసరం రాలేదు.

మొదటి విడతలో పెట్టెల్లో సర్దేటప్పుడు చేప లోపలి ఉష్ణోగ్రత ఎంతో ఎవరూ చూడలేదు. రెండో విడతకు నేను దగ్గరుండి చూశాను. కాళ్ళ మండలంలో చెరువు. ఎండ పడకముందే పట్టుబడి ముగియాలని అర్ధరాత్రి దాటాక వల దించారు. గట్టు మీద పెద్ద టబ్బుల్లో ఐసు, నీరు కలిపి సిద్ధంగా ఉంచాం. ముప్పై డిగ్రీల చేపను సున్నాకు దించడానికి లెక్క ప్రకారం కిలో చేపకు 300 గ్రాముల ఐసు సరిపోతుంది. కానీ ఆ లెక్కలో గాలి లేదు, టబ్బు లేదు, వేసవి రాత్రి లేదు. కిలోకు కిలో పెట్టమన్నాను. ఐసు దిమ్మలను పెద్ద ముక్కలుగా కొట్టి వేస్తే చేపకు గాట్లు పడతాయి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. సన్నగా నూరిన ఐసు నీటితో కలిస్తే చేప చుట్టూ ఎక్కడా సందు ఉండదు. వల నుంచి చేప నేరుగా ఆ టబ్బులోకే పడాలి, గట్టు మీద కుప్ప పోయకూడదు. కుప్ప పోసి, రకాలు వేరుచేసి, తూచి, అప్పుడు ఐసు వేయడం మన దగ్గర అలవాటు. ఆ క్రమాన్ని తిరగేయడానికి రైతును ఒప్పించడం ఆ రాత్రి అన్నిటికంటే కష్టమైన పని. తూకంలో నీటి బరువు తేడా వస్తుందని ఆయన భయం. ఆ భయం న్యాయమైనదే. నీరు ఓడ్చాక ప్లాంటు దగ్గర తూచి, తేడాకు ముందే ఒక శాతం ఒప్పుకుని కాగితం రాసుకున్నాక ఆయన సరేనన్నారు.

తెల్లవారుజామున ప్లాంటులో అతి పెద్ద చేపను తీసి, వెన్ను పక్క కండ మందంగా ఉన్న చోట థర్మామీటరు ముల్లు గుచ్చాం. 1.1 డిగ్రీలు. చిన్న చేప చల్లబడిందంటే పెద్దదీ చల్లబడిందని కాదు. కాబట్టి పెద్దదాన్నే చూడాలి. జెల్ ప్యాకు ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుంది, లేనిదాన్ని తేలేదు. అది చేయాల్సింది కాపలా పని మాత్రమే.

పెట్టెలో మామూలు ఐసు ఎందుకు వేయకూడదని కార్మికులు అడిగారు. ఐసు కరిగిన నీరు చేప నుంచి కారే ఉప్పటి నీటితో కలిసి విమానం నేల కిందికి కారితే లోహాన్ని తినేస్తుంది. అందుకే విమానయాన సంస్థలు కారే పెట్టెను గేటు దగ్గరే తిప్పిపంపుతాయి. అడుగున నీరు పీల్చే పొర, దాని మీద దళసరి పాలిథిన్ సంచి, అందులో చేపలు, పైన జెల్ ప్యాకులు, సంచి మూతి మెలితిప్పి కట్టడం, థర్మోకోల్ మూత చుట్టూ టేపు. పెట్టెను తలకిందులు చేసి కాసేపు ఉంచి, ఒక్క చుక్క పడకపోతేనే లారీ ఎక్కించాం.

పీతలు

బలుసుతిప్ప, భైరవపాలెం, అంతర్వేది. మడ అడవుల పాయలున్న ఈ పల్లెల్లో పీత విలువ తెలియనివాళ్లుండరు. పీతల షెడ్డులో ఒక పెద్దావిడ ఎంపిక చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. పీతను వెనక నుంచి పట్టుకుని, పొట్ట వైపు తిప్పి, కాళ్ల మొదళ్ల దగ్గర బొటనవేలితో నొక్కుతుంది. వేలు కాస్త లోపలికి దిగిందా, ఆ పీత ఈ మధ్యే కుబుసం విడిచింది. లోపల కండ లేదు, నీరు పట్టి ఉంది. అలాంటి పీత బరువు తూగుతుంది గానీ ప్రయాణం తట్టుకోదు. "ఇది దారిలోనే పోతుంది బాబూ, పక్కదాన్ని కూడా చంపుతుంది" అంటూ వేరే బుట్టలో వేసింది. మొదటి విడతలో ఆ బుట్టను కూడా బరువు కోసం కలిపేశారని ఆవిడ చెప్పాకే తెలిసింది. మూడో వంతు చావులో అదెంతో, రేవులో ఎండ ఎంతో, డ్రై ఐస్ ఎంతో విడదీసి చెప్పే వీల్లేదు. మూడింటినీ సరిచేయడమే మార్గం.

పీత నీళ్లలో లేకపోయినా బతుకుతుంది, మొప్పలు తడిగా ఉన్నంతసేపు. అందుకే పెట్టె తడిగా ఉండాలి, కానీ అడుగున నీరు నిలవకూడదు. నిలిచిన నీటిలో ప్రాణవాయువు అయిపోతుంది, విసర్జనల అమ్మోనియా పెరుగుతుంది. ఉప్పు నీటిలో తడిపి పిండిన గోనె పట్టా పైనా కిందా వేయాలి. డెక్కలు తాడుతో గట్టిగా కట్టి, పీతలను కదలకుండా ఒకదాని పక్కన ఒకటి పేర్చాలి. పెట్టె పక్కల గాలి రంధ్రాలుండాలి, పక్క పెట్టెతో అవి మూసుకుపోకుండా మధ్యలో చెక్క పట్టీ ఉండాలి. ముందు రోజు మేత ఆపాలి. సర్దే ముందు చల్లని ఉప్పు నీటిలో కాసేపు ఉంచితే మందకొడిగా అయిపోతాయి, శక్తి ఖర్చు తగ్గుతుంది.

రేవు దారి మాన్పించాను. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగితే దూరం ఎక్కువే, కానీ వాహనం ఎక్కడా ఆగదు. పైగా బయలుదేరేది రాత్రి. ఏసీని 18 దగ్గర ఉంచిన వేరే వ్యానులో, వేరే ఎయిర్‌వే బిల్లు మీద, చేపలతో సంబంధం లేకుండా పీతలు వెళ్లాయి. విమానం ఎంచుకునేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ధర కాదు. సరుకు గదిలో గాలి ప్రసరణ ఉందా, ఉష్ణోగ్రత నియంత్రణ ఉందా అని. ఒకే రకం విమానాల్లో కూడా కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. లేని విమానంలో ప్రాణమున్న సరుకు ఎక్కించడం తగదు, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా.

రోజంతా వెనక్కి లెక్క

రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడిలోనూ విజయవాడ దగ్గరి గన్నవరంలోనూ విమానాశ్రయాలున్నా, ఈ సరుకుకు కావలసిన విమానాల సంఖ్య, కార్గో ఏర్పాట్లు చూసుకుంటే మాకు మిగిలేవి శంషాబాద్, చెన్నై. దూరం తక్కువ కనుక విజయవాడ మీదుగా శంషాబాద్ తీసుకున్నాం. రాత్రి 11 గంటల ప్రాంతంలో బయలుదేరే విమానం. అక్కడి నుంచి వెనక్కి లెక్కించాం. సరుకు టెర్మినల్‌కు చేరాల్సింది పొద్దున కాదు, సాయంత్రం ఐదు దాటాక. అంటే ప్లాంటు నుంచి లారీ ఎనిమిదిన్నరకు కదలాలి. పెట్టెలు ఎనిమిదికి సిద్ధం కావాలి. చేప నాలుగున్నరకు ప్లాంటులో ఉండాలి. వల రెండింటికి పడాలి. ఇలా చూస్తే వల పడిన దగ్గర నుంచి సింగపూర్‌లో సరుకు అందేవరకు సుమారు 30 గంటలు.

టెర్మినల్‌కు ఆలస్యంగా వెళ్లాలంటే పత్రాలు ముందే సిద్ధంగా ఉండాలి. షిప్పింగ్ బిల్లు ముందు రోజే ఆన్‌లైన్‌లో దాఖలు చేశాం. ఎగుమతి తనిఖీ సంస్థ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ జాబితా, షిప్పింగ్ బిల్లు, ఈ నాలుగింటిలో సరుకు పేరు, శాస్త్రీయ నామం, పెట్టెల సంఖ్య, నికర బరువు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని ఇద్దరు విడివిడిగా చూడాలని నియమం పెట్టాను. ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినడం కాదు. ఇద్దరూ వేర్వేరుగా చూడాలి.

రొయ్య ముందు రోజే మామూలు మైనస్ 18 లారీలో హైదరాబాద్‌లోని ఒక కోల్డ్ స్టోరేజీకి చేరింది. ప్లాంటులో సీలు వేసిన అట్టపెట్టెలు విప్పలేదు. అవి ఆమోదం పొందిన ప్లాంటులో ప్యాక్ అయినట్టు ధ్రువపత్రం చెబుతుంది కనుక దారిలో విప్పడానికి వీల్లేదు. వాటిని అలాగే థర్మోకోల్ పెట్టెలో దించి, సాయంత్రం నాలుగింటికి వాటి పైభాగాన డ్రై ఐస్ వేశాం. పైన ఎందుకంటే చల్లని వాయువు కిందికి జారుతుంది. భీమవరంలోనే డ్రై ఐస్ వేసి పంపితే లారీ దారిలోనే సగం ఖర్చయ్యేది. మేము ముందే పరీక్షించుకున్న పెట్టెలో గంటకు పావు కిలోకు కాస్త అటూ ఇటూగా తగ్గింది. ఆరు కిలోలు ఒక రోజుకు సరిపోతాయి.

పెట్టె మూతకు గాలి చొరని టేపు చుట్టకూడదు. వాయువు బయటికి పోయే సందు లేకపోతే పెట్టె పగులుతుంది. పెట్టె మీద తొమ్మిదో తరగతి ప్రమాద గుర్తు, డ్రై ఐస్‌ను సూచించే యూఎన్ 1845 సంఖ్య, డ్రై ఐస్ నికర బరువు కిలోల్లో ఉండాలి. అదే వివరం ఎయిర్‌వే బిల్లు మీదా ఉండాలి. తినే సరుకును చల్లగా ఉంచడానికి మాత్రమే వాడినప్పుడు ప్రమాదకర సరుకుల ప్రత్యేక ప్రకటన పత్రం అక్కర్లేదు. చాలామంది ఏజెంట్లు తెలియక దానికి కూడా డబ్బు వసూలు చేస్తారు. విమానంలో డ్రై ఐస్ ఎంత, ఎక్కడ ఉందో కెప్టెన్‌కు రాతపూర్వకంగా చెబుతారు.

ఒక్కో రకంలో రెండేసి పెట్టెల్లో డేటా లాగర్లు, అంటే దారి పొడవునా ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరాలు పెట్టాం. ఒకటి సరుకు మధ్యలో, ఇంకొకటి పెట్టె మూలలో. దీని వెనక కారణం ఉంది. సరుకు అందుకునేవాడు సాధారణంగా పెట్టెల దొంతరలో బయటివైపు ఉన్న పెట్టె తెరిచి, మూలనున్న చేపకు థర్మామీటరు గుచ్చుతాడు. అక్కడ అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. మధ్యలో ఎంత ఉందో చూపించే ఆధారం మన దగ్గర ఉండాలి.

పండుగప్ప గ్రాఫు చూస్తే దారి అంతా కళ్లకు కట్టింది. మధ్యలోని గీత దాదాపు చదునుగా సాగింది. ఒక డిగ్రీ దగ్గర మొదలై 2.3 దగ్గర ముగిసింది. మూలలోని గీత మాత్రం రెండుచోట్ల లేచింది. మొదటి లేపు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర మధ్య, ఎక్స్‌రే తనిఖీ వరుసలో. రెండోది రాత్రి పది దాటాక, చల్లని గది నుంచి తీసి విమానం పక్కన ట్రాలీ మీద ఉంచినప్పుడు. అప్పుడు 5.8 వరకు వెళ్లింది. విమానం గాలిలో ఉన్న నాలుగున్నర గంటలూ ఆ గీత మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది. ఎగుమతిదారు ఆ గ్రాఫును తన గదిలో గోడకు అంటించుకున్నారు. విమానయాన సంస్థ మీద కోపం ఆ రోజుతో పోయింది.

పీతల్లో పెట్టెకు ఒకటి రెండు పోయాయి. కొన్ని పెట్టెల్లో ఒక్కటీ పోలేదు. రొయ్య గింజ గింజగా దిగింది. పెట్టెల్లో ఇంకా రెండు కిలోల దాకా డ్రై ఐస్ మిగిలి ఉందని కొనుగోలుదారు ఫోటో పంపాడు. ఆ విడత తరువాత రొయ్య ఓడ ఎక్కింది.

మొదటి విడత నష్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అంతర్జాతీయ విమాన సరుకుకు వర్తించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. సరుకు దెబ్బతింటే అందుకున్న 14 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికైతే 21 రోజులు. పరిహారానికి పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే విలువ ప్రమాణం), 2024 డిసెంబరు చివరి నుంచి ఇదే అంకె. కానీ నష్టం సరుకు స్వభావం వల్లే జరిగిందని నిరూపించగలిగితే విమానయాన సంస్థకు బాధ్యత ఉండదు. త్వరగా చెడిపోయే సరుకులో ఆ వాదనకు ఎప్పుడూ చోటుంటుంది. దాన్ని ఎదుర్కోవాలంటే సరుకు అప్పగించినప్పుడు ఎంత చల్లగా ఉందో, ఎక్కడ వేడెక్కిందో చూపించే రికార్డు కావాలి. మొదటి విడతలో లాగర్ ఒక్కటీ లేదు. సరుకు వేడెక్కింది కూడా విమానయాన సంస్థకు అప్పగించకముందే. కాబట్టి ఆ దావా వేయవద్దనే చెప్పాను, ఆ ఖర్చుతో లాగర్లు కొనుక్కోమన్నాను.

ఇప్పుడు పండుగప్ప, పీతలు వారం వారం వెళుతున్నాయి. ఎండాకాలం గడిచాక రెండో సమస్య మొదలవుతుంది. వరద రోజుల్లో చించినాడ దారి మీద రద్దీ, తుపాను రోజుల్లో జాతీయ రహదారి మీద ఆగిపోయే లారీలు. అందుకే అంతర్వేది వైపు పీతల షెడ్డు పక్కనే 18 డిగ్రీల చిన్న గది కట్టించుకుంటున్నారు, దారి మూసుకుపోతే ఒక రోజు ఆపుకోవడానికి. నమూనా పటం నాకు చూపించారు. వాహనం ఆనే తలుపు పడమర వైపు పెట్టారు, రోడ్డు అటు ఉంది కనుక. దాన్ని ఉత్తరం వైపు మార్చి, వ్యాను చుట్టు తిరిగి రావడానికి ఇంకొంత స్థలం వదలమన్నాను. సరుకు ఎక్కించేది సాయంత్రం, తలుపు తెరిచి ఉండే ఆ అరగంట ఎండ నేరుగా గదిలోకి పడకూడదు.